పన్నెండడుగుల గీత

శనివారం పొద్దున్న ఏడింటికి కోడలు ఆ రోజు జరగవలసిన పనులు వరసగా అప్పజెప్పింది. పదకొండింటికి నేల వేసిన కంపెనీ ఆయన వచ్చి హాల్లో చెక్కనేల మీద పడిన గీత చూస్తాడు. పన్నెండింటికి ఆమె అన్నయ్య పంపే వ్యాను వస్తుంది. గీత కుక్కదే అని తేలితే, కుక్క ఆ వ్యానెక్కి అన్నయ్యగారి గోడౌనులో కాపలా ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. ఈలోగా మొగుడూ పెళ్ళాం బజారుకి వెళ్ళి వస్తారు. పిల్లలిద్దరూ తాతగారి దగ్గర ఉంటారు. తాతగారు ఏమీ చెయ్యరు.

"ఏమీ అంటే ఏమీ చెయ్యొద్దు మామయ్యగారూ. కుర్చీలో కూర్చోండి, చాలు. నేల నేను తుడిచేశాను."

"తడిగుడ్డతోనా?"

"గట్టిగా పిండిన గుడ్డతో. మీరు చెప్పినట్టే."

"నేను చెప్పినట్టు వినుంటే అసలు ఈ నేలే ఉండేది కాదు."

కోడలు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. కొడుకు ఆమె వెనకాల వెళ్ళాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాడు ఆమె వెనకాలే నడుస్తున్నాడు.

ముసలాయన నలభై ఏళ్ళు వడ్రంగం చేసినవాడు. ఆర్నెల్ల కిందట హాలుకి చెక్కనేల వేయించాలనుకున్నప్పుడు కొడుకూ కోడలూ ఇంట్లో ఉన్న వడ్రంగిని అడగలేదు. షోరూములో టై కట్టుకున్న మనిషిని అడిగారు. అడక్కపోయినా ముసలాయన చెప్పాడు. పిల్లలూ కుక్కా తిరిగే ఇంట్లో లేత రంగు గట్టి కలప వెయ్యాలి. ముడులూ ఈనెలూ బాగా కనపడే పలకలు ఎంచుకోవాలి. మెరుపు లేని పూత ఉండాలి. "వంద ముడతలున్న మొహం మీద ఇంకో ముడత పడితే ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. వాళ్ళు నేరేడుపండు రంగులో, అద్దంలా మెరిసేది వేయించారు. దాని మీద ఈగ నడిచినా అడుగులు కనపడేవి. అద్దం మీద ఎవరైనా కాపురం చేస్తారా అని అడిగాడు. ఆయన క్షమించనివాటి జాబితా చాలా పెద్దది. ఆ రోజు నేల కూడా అందులో చేరింది.

అదే జాబితాలో, ఇంకా పైన, కుక్క ఉంది. దాని పేరు దొర. గాడిదంత ఎత్తు, గుమ్మానికి అడ్డంగా పడుకోవడం, ఎవరు పిలిచినా ఒక కన్ను మాత్రమే తెరవడం. భార్య బతికున్నప్పుడు తెచ్చి పెంచింది. రెండేళ్ళ కిందట ఆవిడ పోతూపోతూ అన్న చివరి మాట, "పొద్దున్నే దొరకి రొట్టెముక్క పెట్టడం మర్చిపోకండి," అని. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడికి చివరి మాట కుక్క గురించి. ఆయన రోజూ రొట్టెముక్క పెట్టాడు. కుక్క రోజూ తింది. ఇద్దరికీ మాటల్లేవు.

ఇక గీత సంగతి. అది సోమవారం బయటపడింది. ముసలాయన గది గుమ్మం దగ్గర మొదలై, హాలుకి అడ్డంగా పన్నెండడుగులు వెళ్ళి, కిటికీ దగ్గర ఆగింది. ఆగినచోట ఎండలో దొర పడుకుని ఉంది. నేరస్థలంలో నిద్రపోతూ దొరికినవాణ్ణి ఎవరు విచారిస్తారు? కోడలు అరిచింది. పిల్లలు ఏడ్చారు. కొడుకు తల ఊపాడు. దొరని వెనక వరండాలో కట్టేశారు. కంపెనీకి ఫోను చేశారు. నేలలోనే లోపముంటే మార్చి ఇస్తారట. కుక్క గోళ్ళకి మాత్రం పూచీ లేదట.

ఆ గీత గీసింది ముసలాయన.

జరిగింది ఇదీ. నేల వేసినవాళ్ళు మట్టం తప్పారని ఆయనకి మొదట్నుంచీ అనుమానం. అనుమానం కాదు, ఆశ. ఆదివారం అందరూ బయటికెళ్ళినప్పుడు రసమట్టం పెట్టి తేల్చేద్దామనుకున్నాడు. రసమట్టం పనిముట్ల పెట్టె అడుగున ఉంది. గదిలో చీకటి. పెట్టెని కిటికీ వెలుగులోకి తేవాలి. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని ఒక కొస ఎత్తి, రెండో కొస నేల మీద ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో కుర్చీ ఎవరు జరిపినా "ఎత్తి పెట్టు! ఈడవకు!" అని కేకలేసిన మనిషి. కుర్చీకాళ్ళన్నిటికీ కింద మెత్తటి ఫెల్టు గుడ్డముక్కలు అంటించమని పోరు పెట్టిన మనిషి. ఇసకరేణువే అసలు దొంగ అని గుమ్మంలో రెండు కాళ్ళు తుడుచుకునే పట్టాలు వేయించిన మనిషి. మనవడి బొమ్మకార్లు జప్తు చేసిన మనిషి.

రసమట్టం నేల మీద పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. నాలుగు మూలలా పెట్టి చూశాడు. నాలుగు మూలలా నిలబడింది. ఆ కోపంలో పెట్టె వెనక్కి మాత్రం చాప మీద పెట్టి లాక్కెళ్ళాడు. గీతని సోమవారం అందరితో పాటే చూశాడు. నోరు తెరవబోయాడు. అప్పటికే కోడలు కుక్క పేరు చెప్పేసింది. ఆయన నోరు మూసుకున్నాడు. అలా మూసిన నోరు ఐదు రోజులు మూసుకునే ఉంది.

శనివారం వాకిలి తలుపు పడగానే ఆయన లేచాడు. గీత లేకపోతే కేసే లేదు. వంటింట్లో సీసాలోంచి నాలుగు అక్రోటు పప్పులు తీసుకుని హాల్లో బోర్లా పడుకున్నాడు. చెక్క మీద సన్నగీతని అక్రోటు పప్పుతో రుద్దితే దాని నూనె గీతలోకి దిగి మరుగుపడుతుంది. పాతకాలపు కిటుకు. నూనె పట్టించిన చెక్క మీద అయితే పనిచేస్తుంది. ఇది గాజులాంటి పూత. ఆయన ఆ సంగతి ఒప్పుకోదలుచుకోలేదు.

"తాతా, ఏం చేస్తున్నావ్?"

తొమ్మిదేళ్ళ మనవరాలు. ఇంట్లో అందరూ లాయరమ్మ అంటారు. ప్రశ్న అడిగితే జవాబు రాబట్టకుండా వదలదు. ఆమె పక్కన ఐదేళ్ళ తమ్ముడు బుడంకాయ. వాడు అడగడు, నేరుగా చేసేస్తాడు.

"నేలకి వైద్యం చేస్తున్నా."

"గీత పోతే దొర వెళ్ళక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"నీకు దొరంటే ఇష్టం లేదుగా?"

"లేదు."

"మరెందుకు వైద్యం?"

"నువ్వు స్కూల్లో కూడా ఇలాగే అడుగుతావా?"

"అడుగుతాను. అందుకే నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు," అంది లాయరమ్మ.

ఈ మాటల్లో పడి ఆయన చూసుకోలేదు. బుడంకాయ వెనక వరండాకి వెళ్ళి దొర కట్టు విప్పేశాడు. వైద్యం దాని కోసమే కదా, రోగి తరఫు మనిషి పక్కనుండాలని వాడి ఉద్దేశం. దొర వచ్చి అక్రోటు వాసన పట్టింది. రుద్దినంత మేరా నాకేసింది. అక్రోటు పోయింది. గీత ఉంది. పైగా తడి.

అప్పుడు ఆయన మైనం తీశాడు. పనిముట్ల పెట్టెలో ముప్పై ఏళ్ళుగా దాచిన తేనెమైనం ముద్ద. అందులోంచి చిటికెడు గోకి గీతలో కూరి, గుడ్డతో తోమాడు. గీత సగం పూడింది. కానీ తోమినచోట పలక మెరుపు మారింది. పక్క పలకతో పోలిస్తే వేరే ఊరి నుంచి వచ్చినట్టుంది. సరే, పలకంతా తోమాడు. ఇప్పుడా పలక మిగిలిన పలకల నుంచి వేరుపడింది. రెండు పక్కలా తోమాడు. అవతలి పలకలు ఏం పాపం చేశాయి? ఒక అబద్ధం కప్పడానికి పది అబద్ధాలు కావాలంటారు. ఆయనకి మూడొందల చదరపడుగులు కావలసి వచ్చింది.

"ఇలా అయితే పన్నెండవుతుంది తాతా," అంది లాయరమ్మ గడియారం చూసి. "మేం జారుతూ తోముతాం."

మనవలిద్దరూ కాళ్ళకి పాతగుడ్డలు చుట్టుకున్నారు. ముసలాయన మైనం రాస్తుంటే వాళ్ళు ఈ గోడ నుంచి ఆ గోడకి జారడం మొదలుపెట్టారు. పని వేగంగా సాగింది. ఒప్పుకోకపోయినా ఆయనకి ముచ్చటేసింది. నలభై ఏళ్ళలో ఇంత ఉత్సాహంగా పనిచేసిన కూలీలు దొరకలేదు. అయితే వాళ్ళ వెనకే దొర కూడా తిరుగుతోంది. తోమిన మైనం మీద దాని పంజాలు పువ్వుల్లా అచ్చు పడుతున్నాయి.

"బయట కట్టెయ్ దాన్ని!"

"వద్దు తాతా, ఏడుస్తుంది. మేజోళ్ళు వేస్తాను."

కొడుకు ఆఫీసు మేజోళ్ళు రెండు జతలు వచ్చాయి. దొర కదలకుండా వేయించుకుంది. గౌరవం జరుగుతోందనుకున్నట్టుంది. నాలుగు కాళ్ళకీ నల్లమేజోళ్ళతో లేచి నిలబడి, హుందాగా ఒక అడుగు వేసింది. ముందుకాళ్ళు తూర్పుకీ వెనక్కాళ్ళు పడమటికీ వెళ్ళాయి. తర్వాత మొత్తం కుక్క పడవలా కదిలి, హాలంతా దాటి, మూలనున్న చిన్నబల్లకి తగిలింది. బల్ల మీది పూలకుండీ ఒకసారి ఆలోచించి కింద పడింది. కుండీ పగల్లేదు. నీళ్ళు మాత్రం చెంబుడు ఒలికాయి.

"నీళ్ళు!" ముసలాయన కేక ఇంటి కప్పుకి తగిలింది. "చెక్కమీద నీళ్ళు నిలబడితే పలక ఉబ్బుతుంది! గుడ్డ! పొడిగుడ్డ!"

పొడిగుడ్డలన్నీ కాళ్ళకున్నాయి. బుడంకాయ దండెం మీది నుంచి చేతికందింది పట్టుకొచ్చాడు. అది వాళ్ళ నాన్న ఇస్త్రీచొక్కా. నీళ్ళు పీల్చింది, బాగా పీల్చింది. కానీ పలకల సందుల్లో తడి మిగిలింది.

"అమ్మ జుట్టు ఆరబెట్టుకునేది తేనా?" అంది లాయరమ్మ.

అది తెలివైన మాటే. అందుకే ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ రోజు ఆయన చేసిన తప్పుల్లో అదొక్కటే పూర్తిగా తప్పనిపించింది. వేడిగాలికి తడి ఆరింది. వేడిగాలికే మైనమూ కరిగింది. జిగురులా నీరుకారింది. అదే గాలికి సోఫా కింద ఆర్నెల్లుగా ఎవరి కంటా పడకుండా పోగైన కుక్కబొచ్చు లేచింది. మెల్లగా, మంచు కురిసినట్టు, హాలంతా పరుచుకుని మైనంలో అంటుకుపోయింది.

ముగ్గురూ నిలబడి చూశారు.

"తాతా," అన్నాడు బుడంకాయ, "నేలకి జుట్టు మొలిచింది."

అప్పుడు వాకిలి గంట మోగింది.

వచ్చినవాడు కంపెనీ ఆయన కాదు. కోడలి అన్నయ్య పంపిన వ్యాను డ్రైవరు. దారి ఖాళీగా ఉందని గంటన్నర ముందే వచ్చాడు. ముసలాయనకి ఆ సంగతి తెలియదు. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి తలుపు జానెడు మాత్రం తెరిచాడు.

"నమస్కారమండీ. చూడ్డానికి వచ్చాను."

"పదకొండన్నారు."

"ముందే వచ్చేశానండీ. ఎక్కడుంది?"

"హాల్లో. ఇంకెక్కడుంటుంది?"

"తెచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఆర్నెల్లు."

"పెద్దదేనా?"

"మూడొందల చదరపడుగులు."

డ్రైవరు తిరిగి తన వ్యాను వైపు చూసుకున్నాడు.

"మనుషులు దగ్గరికెళితే ఏమన్నా చేస్తుందా అండీ?"

"చెప్పుల్తో వెళితే ఊరుకోను. వట్టికాళ్ళతో అయితే పర్లేదు."

డ్రైవరు చెప్పులు విప్పేశాడు. "స్నానం ఎన్నాళ్ళకోసారి?"

"స్నానమా! నీళ్ళచుక్క తగలకూడదు! తగిలితే ఉబ్బుతుంది!"

"అయ్యబాబోయ్. అరుస్తుందా?"

"అరవదు. ఒక్కసారైనా కిర్రుమంటుందేమోనని ఆర్నెల్లుగా చూస్తున్నా. ఎక్కడా చప్పుడు లేదు."

ఉబ్బే గుణమున్న ఆ మూగజంతువుని వ్యానెక్కించడం తన వల్ల అవుతుందా అని డ్రైవరు ఆలోచిస్తుండగా, బుడంకాయ తాతగారి కాళ్ళ సందులోంచి తలపెట్టి, "లోపలికి రండి, జుట్టు కూడా మొలిచింది," అన్నాడు. డ్రైవరు గుండె దిటవు చేసుకుని అడుగు లోపల పెట్టాడు. ఆ అడుగు ఆగలేదు. మనిషి కూర్చున్నాడు. కూర్చునే హాలంతా వెళ్ళాడు. వెళ్ళి, నాలుగు మేజోళ్ళు వేసుకుని పడుకున్న దొర ఎదురుగా ఆగాడు. దొర ఒక కన్ను తెరిచి, అతని చెవి నాకింది.

"ఇది కుక్కేనండీ!" అన్నాడు డ్రైవరు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

ముసలాయనకి అప్పుడర్థమైంది. "నువ్వు వ్యానువాడివా!" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా వాకిట్లో కోడలి గొంతు వినపడింది. కంపెనీ ఆయన వీధి మొదట్లో కలిశాడట. ఆమె ఆయన్ని, మొగుణ్ణి, కూరగాయల సంచుల్ని వెంటబెట్టుకుని వస్తోంది.

గుమ్మంలో నిలబడి కోడలు హాలు చూసింది. బొచ్చు నేల. తడిచొక్కా. ఆ చొక్కా కోసం వెతుక్కోబోయే మొగుడు తన పక్కనే. మేజోళ్ళ కుక్క. దాని పక్కన బాసింపట్టు వేసుక్కూర్చున్న పరాయి మనిషి. చేతిలో మైనంముద్దతో మామగారు.

"ఏమీ చెయ్యొద్దన్నాను," అంది చాలా మెల్లగా.

"ఏమీ చెయ్యలేదు," అన్నాడు ముసలాయన.

కంపెనీ ఆయన అనుభవమున్నవాడు. గోడ పట్టుకుని నడిచాడు. మోకాళ్ళ మీద వంగి, వేలితో గీకి, వాసన చూశాడు. "మైనం పట్టించారు," అన్నాడు. "మా పూత మీద మైనం పట్టించకూడదండీ. నేలతో పాటు ఇచ్చిన పుస్తకంలో పన్నెండో పేజీలో ఉంది. అన్నట్టు, గీత ఎక్కడుందో చూపిస్తారా?"

చూపించనక్కర్లేకపోయింది. మైనం గీతలోకి దిగి తెల్లగా గడ్డకట్టింది. పొద్దున్నదాకా తలవంచి వెతికితే కనపడే గీత ఇప్పుడు సుద్దతో గీసినట్టు వీధిలోకి కనపడుతోంది.

కంపెనీ ఆయన గీత చూశాడు. కుక్కని చూశాడు. ఫైలు తెరిచాడు.

"కుక్కగోరే. మా పూచీలోకి రాదు."

"నేను ముందే చెప్పాను," అంది కోడలు. ఆమె మొహంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. ఆమెకీ దొరంటే కోపం లేదు, నేలంటే ప్రేమ, అంతే. డ్రైవరు లేచి గొలుసు తగిలించాడు. దొర లేవబోయి రెండుసార్లు జారింది. బుడంకాయ దాని మెడ పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. లాయరమ్మ ఏడవలేదు. దొర కాళ్ళ నుంచి మేజోళ్ళు ఒక్కొక్కటే తీస్తోంది. గోడౌనులో గచ్చునేల అట, మేజోళ్ళు అక్కర్లేదట.

ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, అంతా అయిపోతుంది. రేపటి నుంచి రొట్టెముక్క మిగులుతుంది. ఎవరూ ఆయన్ని ఏమీ అడగరు. అడగడానికి భార్య బతికి లేదు. ఆయన నోరు మూసుకున్నాడు. గట్టిగానే మూసుకున్నాడు.

అంతలో కంపెనీ ఆయన ఫైలులో రాసుకుంటూ పైకి చదివాడు. "పెద్దకుక్క పరుగెత్తుతూ, ముందుకాలి ఒక గోటితో గీసిన గీత. పొడవు పన్నెండడుగులు."

"ఏమన్నావ్?" అన్నాడు ముసలాయన.

"కుక్క గీసిన..."

"ఒక్క గోటితోనా? పన్నెండడుగులా? ఆ కుక్కేమన్నా ఒంటికాలి మీద కుంటుతూ నాట్యం చేసిందా?"

"అంటే, పరిగెత్తేటప్పుడు..."

"నీకు పనెవడు నేర్పాడయ్యా? గోరు నేలకి పట్టేది దూకేటప్పుడూ ఆగేటప్పుడూ. నాలుగు గోళ్ళు, నాలుగు పొట్టిగీతలు, కొసలో వంపు తిరుగుతాయి. మొదట లోతు, చివర తేలిక. ఇది చూడు! మొదట్నుంచీ చివరిదాకా ఒకటే లోతు. ఒకటే వెడల్పు. దారం పట్టి గీసినట్టుంది. కుక్కకి దారం పట్టడం వచ్చా?"

"నాన్నా," అన్నాడు కొడుకు.

"ఉండరా! ఇంత చదువుకున్నవాడు చెక్క మీద గీత చదవలేకపోతే ఎలా? ఇక్కడికి రా. ఈ కొస చూడు. కిటికీ దగ్గర కొక్కెంలా తిరిగింది. ఇక్కడ బరువు తిప్పారు. అంటే ఇది ఈడ్చిన సామాను. ఒక కొస ఎత్తి, రెండో కొస ఈడ్చారు. అడుగున ఇనపపట్టీ ఉంది. పట్టీకి కొట్టిన మేకు తల ఒక్క నూలుపోగంత పైకి లేచింది. మరీ పెద్ద మేకు కాదు, అరంగుళం మేకు. గాడి చూస్తే తెలియడం లేదూ?"

కంపెనీ ఆయన వంగి చూశాడు. "పెద్దాయన చెప్పింది నిజమేలా ఉంది," అన్నాడు.

"ఉందేంటి! నిజమే! ఉండు, చూపిస్తా." ముసలాయన ఊపులో ఉన్నాడు. నలభై ఏళ్ళ పని ఒంట్లో మేలుకుంది. గదిలోకి వెళ్ళి, పనిముట్ల పెట్టెని చాప మీద లాక్కొచ్చి, డ్రైవరు చేత ఒక కొస ఎత్తించి, రెండో కొసని గీత మొదట్లో ఆనించాడు. లేచిన మేకు తల గాడిలో తాళంచెవిలా కూర్చుంది. "చూశావా! వెంట్రుకవాసి తేడా లేదు! ఇదీ లెక్కంటే!"

బుడంకాయ ఏడుపు ఆగింది.

లాయరమ్మ మేజోళ్ళు పక్కన పెట్టి లేచింది. "తాతా," అంది, "ఆ పెట్టె ఎవరిది?"

ముసలాయన పెట్టెని చూశాడు. గీతని చూశాడు. తన గది గుమ్మాన్ని చూశాడు. గీత అక్కడే మొదలైంది. దాన్ని దాచడానికి పొద్దుట్నుంచీ అక్రోటు అయింది, మైనమయింది, చొక్కా అయింది. చివరికి ఆయనే దీపం పట్టి మరీ చూపించాడు.

"నాదే," అన్నాడు.

"ఎప్పుడు ఈడ్చావ్?"

"ఆదివారం."

"ఎందుకు?"

"నేల మట్టం చూద్దామని."

"తప్పిందా?"

ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. "లేదు," అన్నాడు ఆయన. "సరిగ్గా ఉంది."

కోడలు సంచీ కింద పెట్టింది. "ఐదు రోజులు దాన్ని వరండాలో కట్టేశాం మామయ్యగారూ," అంది. "మీరు చూస్తూ కూర్చున్నారు."

"చూస్తూ కూర్చున్నాను," అన్నాడు ముసలాయన.

డ్రైవరు ఇంకా పెట్టె కొస మోస్తూనే ఉన్నాడు. "ఏమనుకోకండమ్మా," అన్నాడు. "పనీ పాటా వదిలి అంత దూరం నుంచి వచ్చాను. ఇంతకీ నేనెవర్ని తీసుకెళ్ళాలి?"

కోడలు వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె ఎంతసేపు చెప్పలేదో ముసలాయన గమనించాడు. చెప్పుల కోసం గుమ్మం వైపు ఒక అడుగు కూడా వేశాడు. మైనం మీద జారి, పక్కనే ఉన్న దొర వీపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. దొర కదలలేదు. రెండేళ్ళలో ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

"ఎవర్నీ వద్దు," అంది కోడలు. "అన్నయ్యకి నేను ఫోను చేస్తాను. ఆ పెట్టె దించు బాబూ. మెల్లగా. ఎత్తి పెట్టు, ఈడవకు."

కంపెనీ ఆయన కొత్త కాగితం తీసి 'ఇంటి పెద్ద చేసిన గీత, పూచీ లేదు' అని రాసి సంతకం తీసుకున్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, చెక్క చూడ్డం తెలిసిన మనుషులు కంపెనీలో తక్కువయ్యారని, వారానికి రెండు రోజులు వచ్చి కొత్తవాళ్ళకి నేర్పగలరా అని ముసలాయన్ని అడిగాడు. పిల్లలూ కుక్కా ఉన్న ఇళ్ళకి ఏ నేల పనికొస్తుందో కూడా చెప్పవచ్చునట. ఎవరూ అడక్కుండానే ఆయన అది ఆర్నెల్లుగా చెబుతున్నాడు. ఎవరైనా అడగడం ఇప్పుడే.

"ముందు ఈ నేల శుభ్రం చేయనివ్వండి," అంది కోడలు.

మైనం వదలడానికి వారం పట్టింది. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్కతో అంగుళం అంగుళం గీకాడు. పిల్లలు పొడిగుడ్డలతో తుడిచారు. దొర వట్టికాళ్ళతో కిటికీ దగ్గర ఎండలో పడుకుని, ఒక కంటితో పని చూసింది. గీతని మాత్రం అలాగే ఉంచారు. ఇంటికి ఎవరొచ్చినా కోడలు దాన్ని చూపించి, "ఇది మా మామయ్యగారిది," అని చెబుతుంది. ఆయన పక్కనే కూర్చుని వింటాడు. కొలత ఎవరైనా తప్పు చెబితే మటుకు సరిదిద్దుతాడు.

రొట్టెముక్క రోజూ పెడుతూనే ఉన్నాడు. ఇప్పుడు వెన్న రాసి పెడుతున్నాడని లాయరమ్మ కనిపెట్టింది. అడిగితే, రొట్టె ఎండిపోయిందని చెప్పాడు.

మైనం వదిలాక వచ్చిన ఆదివారం కోడలు దుకాణం నుంచి ఫెల్టు ముక్కల పొట్లాలు రెండు తెచ్చింది. బుడంకాయ వాటిని బల్లలకీ, మంచాలకీ, పనిముట్ల పెట్టెకీ, చివరికి తాతగారి చెప్పులకీ కింద అంటించాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఫెల్టు లేకుండా తిరిగే హక్కు దొరకి ఒక్కదానికే ఉంది.